వయ్యారిభామ (మేత భూముల కలుపు)
అమెరికా ఖండం నుంచి వచ్చిన పార్థీనియం మొక్క. మన దేశంలో 1950లలో పుణే దగ్గర గుర్తించారు. నేడు పాలకుర్తి, జనగామ వంటి మెట్ట ప్రాంతాలతో సహా తెలంగాణ అంతటా బీళ్లలో, బాటల పక్కన కనిపిస్తుంది. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. వేళ్ల నుంచి, ఆకుల నుంచి వెలువడే రసాయనాలు పక్కనున్న గడ్డిని ఎదగనివ్వవు. గొర్రెల కాపరులకు అసలు నష్టం అదే. తిన్న పశువుల పాలు చేదెక్కుతాయి, తాకిన మనుషులకు దురద, పుప్పొడితో ఉబ్బసం.

దీని ఆకులు తినే మెక్సికో పెంకు పురుగును 1983లో బెంగళూరుకు తెప్పించి, మరుసటి ఏడు పొలాల్లో వదిలారు. వానాకాలంలో బాగా తింటుంది. ఎండాకాలం మట్టిలో నిద్రపోతుంది. కాబట్టి పురుగొక్కటే చాలదు. పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతులకు తొడుగులు వేసుకుని, మొక్కను వేళ్లతో సహా పీకాలి. ఖాళీ అయిన చోట వెంటనే అంజన్ గడ్డి, స్టైలో మేత గింజలు చల్లి, అవి నిలదొక్కుకునేదాకా మేపు ఆపాలి.