బహదూర్‌పురాలో పోలీసు సేవలు: ఏ పని ఏ ఠాణాది?

మహానగరంలో పోలీసు వ్యవస్థను కొలవాలంటే ఠాణాలు లెక్కపెడితే సరిపోదు. 1970లలో ఎలినార్ ఆస్ట్రమ్ బృందం అమెరికాలో 80 మహానగర ప్రాంతాలను ఇంకోలా కొలిచింది. గస్తీ, ట్రాఫిక్, దర్యాప్తు, ల్యాబ్ పరీక్షలు... ఒక్కో సేవను విడిగా తీసుకుని, ఎవరు ఇస్తున్నారు, ఎవరికి అందుతోంది అని చూసింది. ఆమెకే 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఆ లెక్క మన బహదూర్‌పురాకు వేసి చూడండి. గస్తీ, ఎఫ్‌ఐఆర్ లోకల్ ఠాణా పని. చలాన్లు, రోడ్డు మీద జామ్ ట్రాఫిక్ ఠాణావి. పెద్ద మోసాల కేసులు నగరమంతా చూసే సీసీఎస్‌కు పోతాయి. రక్తపు మరక పరీక్షకు మాత్రం రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబే దిక్కు.

చిక్కంతా హద్దుల దగ్గరే. అసెంబ్లీ సీటు పేరు కూడా బహదూర్‌పురానే. అయితే ఫలక్‌నుమా, కాలాపత్తర్ ఠాణాల కింది బస్తీలు కూడా అందులో ఉన్నాయి. 2016లో సైబరాబాద్ నుంచి రాచకొండ విడిపోయింది. 2023లో సిటీ జోన్లు ఐదు నుంచి ఏడయ్యాయి. హద్దులు ఇలా మారుతుంటే బాధితుడికి ‘మా ఏరియా కాదు’ అన్న మాటే ముందు వినిపిస్తుంది.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్ ప్రకారం, వారంట్ లేకుండా అరెస్టు చేయదగ్గ నేరమైతే, అది ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. కాపీ ఉచితం, అడిగి తీసుకోండి.