కుషింగ్ రోగుల ఉత్తరాలు

1909 మార్చి 25. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి. ఆపరేషన్ బల్ల మీద దక్షిణ డకోటా నుంచి వచ్చిన 38 ఏళ్ల రైతు. చేతులు, పాదాలు లావెక్కిపోయాయి. తలనొప్పి ఒక పట్టాన వదలదు. మరో రెండు వారాల్లో నలభై నిండబోతున్న సర్జన్ హార్వీ కుషింగ్ నుదుటి దగ్గర కోసి, ముక్కు వెనక దారి పట్టుకుని పుర్రె అడుగుకు చేరారు. శనగగింజంత ఉండాల్సిన పిట్యూటరీ గ్రంథిలో గడ్డ. అది క్యాన్సర్ కాదు. కానీ సరిగ్గా దాని పైనే కంటి నరాలు! అందినంత తీసి, మిగిలింది వదిలేశారు. ఆ రైతు మరో 21 ఏళ్లు బతికాడు.

అందరికీ అంత అదృష్టం పట్టలేదు. లోపల ఎంత మిగిలిందో చూసే సాధనం ఆనాడు లేదు. చూపు పక్కల నుంచి చీకటి కమ్ముకొస్తే, గడ్డ మళ్లీ పెరిగిందని అర్థం. అంటే నష్టం మొదలయ్యాకే సంగతి తెలిసేది.

అదే 1909లో పారిస్‌లో ఆంటోయిన్ బెక్లేర్ అనే వైద్యుడు, పిట్యూటరీ గడ్డతో చూపు పోగొట్టుకుంటున్న ఓ పదహారేళ్ల అమ్మాయికి ఎక్స్-రే కిరణాలతో రేడియేషన్ ఇచ్చారు. ఒకేచోట పెడితే చర్మం కాలుతుందని నుదుటి నుంచి, కణతల నుంచి వేర్వేరు చోట్ల గురిపెట్టారు. తలనొప్పి తగ్గింది, చూపు మెరుగైంది.

కుషింగ్‌కు ఒక గొప్ప అలవాటు ఉండేది. ఆపరేషన్ జరిగిన తేదీన ఏటా ఉత్తరం రాయమని రోగులను కోరేవారు. బతికున్నారా, చూపు ఎలా ఉంది, పని చేసుకోగలుగుతున్నారా? ఆ వివరాలన్నీ పోగుపడ్డాయి. 1939లో బ్రిటిష్ సర్జన్ హెండర్సన్ కుషింగ్ దగ్గర పిట్యూటరీ గడ్డకు చికిత్స పొందిన 338 మంది రోగుల చరిత్రను తిరగేసి లెక్క తేల్చారు. ఆపరేషన్ తర్వాత ఇలాంటి రేడియేషన్ కూడా తీసుకున్నవారిలో గడ్డ తిరగబెట్టడం బాగా తక్కువ. కుషింగ్ ఆ ఏడాది అక్టోబరులోనే కన్నుమూశారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు, ఆపరేషన్ అవగానే రేడియేషన్ ఇవ్వడం చాలాచోట్ల మామూలైపోయింది.

కళ్లకు కనపడని శత్రువు మీద ముందే దాడి చేయడం ఆనాటికి సబబే. కానీ దానికీ మూల్యం ఉంది. రేడియేషన్ పడిన గ్రంథి ఏళ్లు గడిచేకొద్దీ నీరసించి, థైరాయిడ్‌కూ అడ్రినల్‌కూ సంతాన సామర్థ్యానికీ అందాల్సిన ఆదేశాలు ఆగిపోవచ్చు. అప్పుడు జీవితాంతం హార్మోన్ మాత్రలే గతి. అరుదుగా కంటి నరమూ దెబ్బతింటుంది. పిల్లలు కావాలనుకునే పాతికేళ్ల అమ్మాయికి ఇది చిన్న విషయం కాదు.

1980ల్లో ఎంఆర్ఐ వచ్చి కథ మార్చింది. ఇప్పుడు ఆపరేషన్ అయ్యాక సాధారణంగా మూడు నెలలకు స్కాన్ తీస్తారు. అప్పటికి వాపు తగ్గి, మిగిలిందేదో కనిపిస్తుంది. హార్మోన్లు చిమ్మని గడ్డ పూర్తిగా వచ్చేస్తే, ఎక్కువమందిలో రేడియేషన్ ఊసెత్తరు. చిన్న ముక్క మిగిలినా, కంటి నరాలకు దూరంగా కదలకుండా ఉంటే ఏటా చూస్తూ ఆగవచ్చు. పెరుగుతుంటే, పెద్ద ముక్క మిగిలితే, గడ్డ మొండిరకమని బయాప్సీ చెబితే ఆగకూడదు. కుషింగ్ ఆపరేషన్ చేసిన ఆ రైతుకున్న, చేతులు పాదాలు లావెక్కించే అక్రోమెగలీ జబ్బులో ఆపరేషన్‌కూ మందులకూ హార్మోన్ లొంగకపోతే రేడియేషన్ ఇస్తారు. దాని ఫలితం అందడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి ఈలోగా మందులు ఆపరు.

కరెంటు (రేడియేషన్) పెట్టించుకోవాలా అని కంగారుపడుతూ డాక్టరు ముందు కూర్చునే ప్రతి కుటుంబమూ మూడు సంగతులు అడగాలి: ఏమైనా మిగిలిందా? పెరుగుతోందా? కంటి నరానికి ఎంత దూరంలో ఉంది? ఆగుదామని డాక్టరు చెబితే, ఆ ఆగడం స్కాన్‌కు వేళకు వెళ్లేవారికే క్షేమం. తలనొప్పి తగ్గిందని తర్వాతి ఎంఆర్ఐ తేదీ, చూపు పరీక్ష దయచేసి వాయిదా వేయకండి.