భిక్షాపాత్రలో మొలిచిన చెట్టు

‘బోన్’ అంటే లోతులేని పళ్లెం, ‘సాయ్’ అంటే నాటిన మొక్క. బోన్సాయ్ మాటకు అర్థం అంతే. కానీ మధ్యయుగాల జపాన్‌లో ఈ పొట్టిచెట్టును ‘హచి నో కి’, అంటే కుండీలోని చెట్టు, అనేవారు. నాకు ఆ ‘హచి’ మీదే మమకారం. భిక్షువుల చేతిలోని సంస్కృత ‘పాత్ర’ బౌద్ధంతో చైనా వెళ్లి ‘బో’గా కుదించుకుపోయింది, జపాన్ చేరి ‘హచి’ అయింది. మన వంటింటి పాత్రే అది!

‘హచి నో కి’ పేరుతో జపాన్ సంప్రదాయ ‘నో’ శైలి నాటకమూ ఒకటుంది. మంచు కురిసే రాత్రి ఆశ్రయం కోరిన సన్యాసి చలి కాచుకోవడానికి, పేద యోధుడొకడు అల్లారుముద్దుగా పెంచిన ప్లమ్, చెర్రీ, పైన్ చెట్లను నరికి మంట వేస్తాడు. అంతకు మించిన దానం అతని ఇంట్లో లేదు. మామూలు కుండీ మొక్కను జపనీయులు ఇప్పటికీ ‘హచిఉయె’ అనే అంటారు.