డాలరు పావలా మీద లాండ్రీవాళ్ల అమ్మాయి

అమెరికా ప్రభుత్వ పాత దస్తావేజుల్లో 1924 ఆగస్టు నాటి గుర్తింపు పత్రం ఒకటి ఉంది. దాని మీద ఫొటోలో ఉన్న అమ్మాయికి పందొమ్మిదేళ్లు. అప్పటికే ఆమె సినిమా తార. ఆ ఏడాదే డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ హీరోగా ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ విడుదలైంది. అందులో మంగోల్ బానిసపిల్లగా వేసింది ఈమే. పుట్టింది లాస్ ఏంజిలిస్‌లో. తండ్రి పుట్టింది కూడా కాలిఫోర్నియాలోనే. 1855 నాటికే ఆ కుటుంబం అక్కడ కాపురం పెట్టింది. అయినా ‘నేను ఈ దేశపు మనిషినే’ అని చెప్పుకోవడానికి ఆమె చేతిలో సర్కారు కాగితం ఉండాల్సి వచ్చింది. ఎందుకంటే ఆమె చైనీయుల బిడ్డ. పేరు ఆనా మే వాంగ్.

1882లో అమెరికా ఒక చట్టం చేసింది. చైనా కూలీలు దేశంలోకి రాకూడదు, ఉన్నవాళ్లు పౌరసత్వం అడగకూడదు. అక్కడే పుట్టిన పిల్లల సంగతేమిటన్న ప్రశ్న వాంగ్ కిమ్ ఆర్క్ అనే శాన్ ఫ్రాన్సిస్కో వంటమనిషి వల్ల సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పుట్టినవాళ్లు పౌరులేనని 1898లో కోర్టు తేల్చింది. తీర్పు వచ్చింది కానీ అధికారుల అనుమానం పోలేదు. చైనా రక్తం ఉన్న అమెరికన్ ఎవరైనా దేశం దాటి తిరిగి రావాలంటే, బయలుదేరే ముందే 430వ నంబరు ఫారం నింపాల్సి వచ్చేది. దాని శీర్షికలోనే ‘పౌరులమని చెప్పుకుంటున్న చైనా జాతివారు’ అన్న అర్థం ఉండేది. చెప్పుకుంటున్నవారట! అమెరికా వీసా కాగితాలతో మన పిల్లలు పడే అవస్థ తెలుగువాళ్లకు కొత్త కాదు. అయితే వాళ్లు వెళ్లేది పరాయి దేశానికి. ఈమె ఆ ఫారం నింపింది పుట్టిన ఊరికి తిరిగి రావడానికి. పేరు ప్రఖ్యాతులు వచ్చాక కూడా, ఐరోపాలో జనం ఆటోగ్రాఫుల కోసం ఎగబడిన రోజుల్లో కూడా ఆ ఫారం తప్పలేదు.

తండ్రి వాంగ్ శామ్ సింగ్‌ది లాండ్రీ. ఏడుగురు పిల్లల్లో ఈమె రెండోది. 1905 జనవరి 3న పుట్టింది. ఇంట్లో పెట్టిన పేరు లియు సాంగ్, మంచు పట్టిన విల్లో చెట్టు అని దాని అర్థం. బడిలో తెల్లపిల్లల ఏడిపింపులు భరించలేక చైనా పిల్లల మిషన్ బడికి మారింది. మధ్యాహ్నం దాటాక మళ్లీ చైనా భాష నేర్పే బడి. ఆ బడి ఎగ్గొట్టి, టిఫిన్ డబ్బులతో సినిమాహాల్లో కూర్చునేది. హాలీవుడ్ అప్పుడప్పుడే సినిమా ఊరుగా మారుతోంది. సినిమావాళ్లు షూటింగ్‌కి చైనాటౌన్ వీధుల్లోకి వస్తే, కెమెరా వెనకాలే తిరిగే ఈ పిల్లను చూసి వాళ్లే ముద్దుపేరు పెట్టారు. పదకొండేళ్లకే తెరపేరు తానే ఎంచుకుంది: ఆనా మే వాంగ్. తండ్రికి ఇదేమీ నచ్చలేదు. అయినా 1919లో ‘ది రెడ్ లాంటర్న్’ కోసం మూడువందల మంది ఆడవాళ్లు కావాలంటే గుంపులో ఒకతెగా నిలబడింది. 1921లో హైస్కూలు మానేసింది.

పదిహేడేళ్లకే హీరోయిన్ అయింది. 1922 నాటి ‘ది టోల్ ఆఫ్ ది సీ’ టెక్నికలర్ చరిత్రలో మైలురాయి. ఎరుపు, ఆకుపచ్చ, ఈ రెండు రంగుల కలయికతోనే తీసిన మూకీ అది. మామూలు ప్రొజెక్టరుతోనే ఏ హాల్లోనైనా ఆడించుకోవచ్చు. కథ పాతదే. చైనా తీరంలో లోటస్ ఫ్లవర్ అనే అమ్మాయి సముద్రంలో కొట్టుకొచ్చిన తెల్లవాణ్ని కాపాడుతుంది, ప్రేమిస్తుంది, బిడ్డను కంటుంది. అతను స్వదేశానికి వెళ్లి తెల్ల భార్యతో తిరిగొస్తాడు. లోటస్ ఫ్లవర్ బిడ్డను వాళ్ల చేతుల్లో పెట్టి సముద్రంలోకి నడిచిపోతుంది. ఇప్పుడు చూసినా ఆశ్చర్యపరిచేది ఆ పిల్ల నటన. మూకీ కాలంలో చేతులు విసరడం, గుండెలు బాదుకోవడం మామూలు. ఈమె అలాంటివేమీ చేయదు. కళ్లలో నీళ్లు నిండుతాయి, పెదవి కొంచెం వణుకుతుంది, అంతే. ఆ సినిమా చివరి భాగం కాలక్రమంలో పోయింది. 1985లో దాన్ని బాగుచేసిన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆర్కైవ్‌వాళ్లు పాత రెండురంగుల టెక్నికలర్ కెమెరా ఒకటి పట్టుకుని సముద్రతీరానికి వెళ్లి, సూర్యాస్తమయం చిత్రీకరించి అతికించారు. ఇప్పుడు మనకు దొరికే ప్రతిలో లోటస్ ఫ్లవర్ మునగడం కనిపించదు. రంగు వెలిసిన ఆ సముద్రమే కనిపిస్తుంది.

అక్కడ మొదలైన చావు ఆమెను చాలాకాలం వదల్లేదు. ఒక సినిమాలో ఆత్మహత్య, ఇంకోదాంట్లో హత్య. తెల్ల హీరోని ప్రేమిస్తే కథ చివరికి చావాల్సిందే. లేదంటే ప్రేక్షకుల కళ్ల ముందు రెండు జాతులు కలిసి కాపురం చేసినట్టవుతుంది. తన సమాధి మీద వెయ్యి చావులు చచ్చిందని రాయించాలని ఆమే అనేదట. నిజమైన హీరోయిన్ వేషం, అంటే ప్రేమించి, పెళ్లాడి, చివరి రీలు దాకా బతికుండే చైనా అమ్మాయి వేషం ఉంటే మాత్రం దానికి తెల్ల నటిని తీసుకుని, కనుకొలకులు లాగి మేకప్ చేసేవారు. 1927లో ‘మిస్టర్ వూ’లో అదే జరిగింది. అసలు హీరోయిన్ వేషం రెనే అడోరేకి వెళ్లింది, ఆనా మేకి పక్కపాత్ర దక్కింది.

1928లో ఆమె మూటాముల్లె సర్దుకుని బెర్లిన్ వెళ్లింది. అక్కడ జర్మన్ భాష నేర్చుకుంది. తత్వవేత్త వాల్టర్ బెంజమిన్ వచ్చి కలిసి, ఆమె గురించి రాశాడు. లండన్‌లో కుర్రవాడైన లారెన్స్ ఒలీవియే పక్కన నాటకం వేస్తే, పత్రికలవాళ్లు ఆమె కాలిఫోర్నియా యాసను వెక్కిరించారు. వెంటనే డబ్బు పోసి ఉచ్చారణ పాఠాలు చెప్పించుకుంది. వియన్నాలో జర్మన్‌లోనే సంగీత నాటకం ఆడింది. తన తొలి టాకీని 1930లో ఇంగ్లీషు, జర్మన్, ఫ్రెంచి మూడింట్లోనూ తీస్తే మూడింట్లోనూ తానే నటించింది. తెలుగు తెర ఇంకా నోరు విప్పని రోజులవి.

ఆమె సినిమాల్లో ఒక్కటే చూడాలనుకుంటే, 1929లో లండన్‌లో తీసిన ‘పికడిలీ’ చూడమంటాను. నాగరికుల నైట్‌క్లబ్. భోజనం చేస్తున్న ఒకాయన, ఇంకా పెద్ద పేరు రాని చార్లెస్ లాటన్, ప్లేటు మీద మరక చూసి గోల చేస్తాడు. యజమాని మెట్లు దిగుతాడు. వంటగది దాటి, అంట్లు తోమే చోటికి వెళ్తాడు. ఆవిరి, పేరుకుపోయిన గిన్నెలు, పని ఆపేసి ఒకవైపే చూస్తున్న కూలీలు. బల్ల మీద అంట్లు తోమే షోషో, అంటే మన ఆనా మే, నాట్యం చేస్తోంది. మాసిన బట్టలు, పోగులు జారిపోయిన మేజోళ్లు. గెంతడం, గిరగిరా తిరగడం లేదు. నడుము, భుజాలు నెమ్మదిగా కదులుతుంటాయి. ఎవరి కోసమో కాదు, తనలో తాను మునిగి ఆడుతోంది. యజమానిని చూసినా గాభరా పడదు. పోస్టరు మీద పెద్ద పేరు గిల్డా గ్రే అనే తెల్లతారది. ఆ బల్ల దృశ్యం వచ్చాక ఆ సినిమా ఎవరిదో వేరే చెప్పాల్సిన పని లేదు. తర్వాత ఆ యజమానికీ షోషోకీ మధ్య ప్రేమ నడుస్తుంది గానీ ముద్దు మాత్రం తెర మీదకు రాదు. చివరికి ఇక్కడా షోషోని కాల్చి చంపేస్తారు.

1930లో అమెరికా తిరిగొచ్చింది. పారామౌంట్ సంస్థతో ఒప్పందం, బ్రాడ్‌వే నాటకం, రెండూ ఒకేసారి. ఆ నవంబరులోనే, ఇంటి ముందు రోడ్డు మీద కారు గుద్ది తల్లి చనిపోయింది. మరుసటి ఏడు ‘డాటర్ ఆఫ్ ది డ్రాగన్’లో ఫూ మాంచూ అనే చైనా విలన్ కూతురు. తండ్రి వేషం వేసిన వార్నర్ ఓలాండ్ స్వీడన్‌లో పుట్టిన తెల్లవాడు. కొద్దిసేపే కనిపించే అతనికి 12,000 డాలర్లు, సినిమా అంతా మోసిన ఆమెకు 6,000. 1932లో జోసెఫ్ ఫాన్ స్టెర్న్‌బర్గ్ తీసిన ‘షాంఘై ఎక్స్‌ప్రెస్’లో మార్లీన్ డీట్రిచ్ పక్కన హుయ్ ఫేగా వేసింది. మాటలు తక్కువ. రైలు పెట్టెలో అందరూ భయంతో కొయ్యబారిపోతే, తిరుగుబాటు నాయకుణ్ని కత్తితో పొడిచి అందర్నీ బతికించేది హుయ్ ఫేనే. ఈసారి తాను కూడా బతికే ఉంటుంది.

బయట జీవితంలోనూ ఆమెకు దారులు మూసే ఉన్నాయి. తెల్లవాణ్ని పెళ్లాడదామంటే కాలిఫోర్నియా చట్టం ఒప్పుకోదు, ఆ చట్టం 1948 దాకా ఉంది. చైనా నుంచి వచ్చినవాణ్ని చేసుకుందామంటే, 1931 వరకు ఉన్న నిబంధన ప్రకారం ఆమె అమెరికా పౌరసత్వమే పోయేది. ఆమె చివరిదాకా పెళ్లి చేసుకోలేదు.

ఇక ‘ది గుడ్ ఎర్త్’. పెర్ల్ బక్ నవల 1931లో వచ్చి ఇంటింటా చదివించుకుంది. చైనా పల్లెలో పేద రైతు వాంగ్ లుంగ్, అతని భార్య ఓ లాన్. నోరు లేని, చేవ చావని ఆ ఇల్లాలి పాత్ర కోసం ఆనా మే ఏళ్ల తరబడి ఎదురుచూసింది. ఎం.జి.ఎం. సంస్థ వాంగ్ లుంగ్‌గా పాల్ మునిని తీసుకుంది. తెల్ల నటుడి పక్కన చైనా నటి భార్యగా ఉంటే, సినిమాల్లో ఏం చూపకూడదో చెప్పే హేస్ నియమావళి, జాతులు కలవరాదని అడ్డొస్తుంది. ఆ నటుడు మేకప్ వేసుకుని చైనావాడిగా నటిస్తున్నా సరే! ఓ లాన్ పాత్ర లూయిస్ రైనర్‌కి వెళ్లింది. ఆనా మేకి చూపించింది లోటస్ పాత్ర, అంటే ఆ సంసారంలో చిచ్చుపెట్టే ఉంపుడుగత్తె. ఆమె వద్దంది. తారాగణమంతా తెల్లవాళ్లు నిండిన కథలో, మంచితనం లేని ఆ ఒక్క పాత్రకు చైనా రక్తమున్న తనను అడగడమేమిటని ఆమె బాధ. రైనర్‌కి ఆ పాత్రతో ఆస్కార్ వచ్చింది. రైనర్ గొప్ప నటి, అందులో సందేహం లేదు. నన్ను తొలిచేది వేరే. ‘పికడిలీ’ బల్ల మీద ఒళ్లంతా అదుపులో పెట్టుకుని నిలిచిన మనిషి, ‘టోల్ ఆఫ్ ది సీ’లో పెదవి వణుకుతోనే కథ చెప్పిన మనిషి ఓ లాన్‌గా ఎలా ఉండేదో మనం ఎప్పటికీ చూడలేం. నటికి జరిగిన అన్యాయమే కాదిది, చూసేవాళ్లకు జరిగిన నష్టం కూడా.

ఆ గాయంతోనే 1936లో మొదటిసారి చైనా వెళ్లింది. ‘న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్’కి ప్రయాణ వ్యాసాలు రాస్తూ, వెంట కెమెరామన్‌ని పెట్టుకుని తిరిగింది. ఇంట్లో మాట్లాడేది దక్షిణ ప్రాంతపు యాస కాబట్టి షాంఘై, పెకింగ్‌లలో దుబాసీ కావాల్సి వచ్చింది. సొంత మనుషుల మధ్య కూర్చుని, వాళ్ల మాట మూడోమనిషి చెబితే గానీ అర్థం కాని పరిస్థితి. నాన్‌కింగ్‌లో విందుకు పిలిచిన పెద్దలు, చైనా పరువు తీసే వేషాలు వేశావని గంటల తరబడి తప్పుపట్టారు. కొత్తగా వచ్చినవాళ్లు దొరికిన వేషమే వేయాలి కదా అని ఆమె సమాధానం చెప్పుకుంది. అటువాళ్లకు మరీ అమెరికన్, ఇటువాళ్లకు చైనా మనిషి. అయినా నెలల తరబడి అక్కడే ఉంది. పెకింగ్‌లో నాటకాలు చూసింది, పట్టు దుస్తులు కుట్టించుకుంది, అప్పటికే స్వగ్రామం చేరిన తండ్రిని చూసి వచ్చింది.

తిరిగొచ్చాక 1937లో చేసిన ‘డాటర్ ఆఫ్ షాంఘై’ చిన్న బడ్జెట్ సినిమా. తండ్రిని చంపినవాళ్లను పట్టుకునే చైనా అమెరికన్ అమ్మాయి, పక్కన ప్రభుత్వ ఏజెంటుగా కొరియన్ అమెరికన్ నటుడు ఫిలిప్ ఆన్. ఇద్దరూ బతుకుతారు, ఒకటవుతారు. మనకు మామూలు ముగింపు. ఆమెకు అది పదిహేనేళ్ల తర్వాత దక్కిన ముగింపు.

చైనా మీద జపాన్ యుద్ధానికి దిగాక ఆమె తన సినిమా దుస్తులు వేలం వేసి చైనా సహాయానికి డబ్బిచ్చింది. 1942లో వచ్చిన రెండు సినిమాల పారితోషికం మొత్తం చైనా బాధితుల నిధికి ఇచ్చేసింది. మరుసటి ఏడు చైనా నాయకుడు చాంగ్ కై షేక్ భార్య లాస్ ఏంజిలిస్ వస్తే, హాలీవుడ్ తారలంతా వేదిక మీద నిలబడ్డ సభకు ఈమెకు మాత్రం పిలుపు లేదు. 1882 నాటి చట్టం రద్దయింది కూడా ఆ 1943లోనే. 1951లో డూమాంట్ టీవీలో ఆమె కోసమే ఒక సీరియల్ వచ్చింది. చిత్రకళా దుకాణం నడుపుతూ నేరాలు ఛేదించే స్త్రీ కథ. అమెరికా టీవీలో ఆసియా మూలాలున్న నటి ప్రధాన పాత్రగా వచ్చిన మొదటి సీరియల్ అదే. ఒక్క ఎపిసోడ్ కూడా మిగల్లేదు.

1960లో హాలీవుడ్ కాలిబాట మీద ఆమె పేరుతో నక్షత్రం వేశారు. ‘ఫ్లవర్ డ్రమ్ సాంగ్’లో వేషం కూడా ఖాయమైంది. ఆసియా నటులే నిండుగా ఉండే పెద్ద హాలీవుడ్ సినిమా అది. కానీ ఆరోగ్యం సహకరించలేదు. 1961 ఫిబ్రవరి 3న శాంటా మోనికాలో నిద్రలోనే గుండె ఆగిపోయింది. యాభై ఆరేళ్లు.

2022 అక్టోబరులో అమెరికా టంకశాల పాతిక సెంట్ల నాణెం మీద ఆమె బొమ్మ ముద్రించింది. వాడుకలో తిరిగే అమెరికా నాణెం మీదకు ఎక్కిన తొలి ఆసియా అమెరికన్ ఆమే. పిల్లలు అమెరికాలో ఉన్న తెలుగు ఇళ్లలో ఏ డబ్బాలోనో ఆ చిల్లర ఉండే ఉంటుంది. మా మేనకోడలు సెలవులకు వచ్చి వదిలేసి వెళ్లిన నాణేల్లో నాకు ఒకటి దొరికింది. పావు డాలరు, మన లెక్కలో పావలా. ఒకవైపు వాషింగ్టన్. రెండోవైపు నుదుటి మీదకు సమంగా కత్తిరించిన జుట్టు, చేతి మీద ఆనించిన చెంప, చుట్టూ సినిమాహాలు ముందు వేలాడే బల్బుల వరస. వేలితో తడిమితే ఆ బల్బులు ఒక్కొక్కటీ తగులుతాయి. తాను ఈ దేశపు మనిషినని చెప్పుకోవడానికి ఫారాలు నింపిన అమ్మాయి ముఖాన్ని ఇప్పుడు ఆ దేశమే చేతులు మారుస్తోంది.

లాస్ ఏంజిలిస్‌లోని రోజ్‌డేల్ శ్మశానంలో ఆమె చితాభస్మాన్ని తల్లి సమాధిలోనే ఉంచారు. రాయి మీద పైన ఇంగ్లీషులో ఉన్నది తల్లి పేరు. కుడిపక్కన నిలువుగా చైనా అక్షరాల్లో ఈమె పేరు, ఎడమపక్కన చెల్లెలి పేరు. నాణెం మీది పేరు కోసం వెతికితే ఆ రాయి మీద కనిపించదు. అక్కడ ఉన్నది లాండ్రీవాళ్ల ఇంట్లో పెట్టిన పేరు, లియు సాంగ్.