పౌర భాగస్వామ్యంలో డిజిటల్ సాంకేతికత: పుదుచ్చేరి గ్రామాల అనుభవం

పుదుచ్చేరి: ప్రజలు తమకు తెలిసిన సమాచారాన్ని తలా కొంత అందించి, ఉమ్మడి పనికి వినియోగించుకునే పద్ధతిని నేడు క్రౌడ్‌సోర్సింగ్ అంటున్నారు. ఈ పదాన్ని అమెరికా పాత్రికేయుడు జెఫ్ హౌ 2006లో ప్రచారంలోకి తెచ్చారు. ఆ పదం పుట్టక ముందే, 1998లో, పుదుచ్చేరి పరిసర గ్రామాల్లో ఆ దిశగా ఒక ప్రయోగం ఆరంభమైంది. సమాచారాన్ని ప్రజలకు చేర్చడం ఎంత ముఖ్యమో, ఏ సమాచారం కావాలో ప్రజలే నిర్ణయించడమూ అంతే ముఖ్యమని ఆ ప్రయోగం నిరూపించింది.

విల్లియనూర్ కేంద్రంగా...

చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, కెనడాకు చెందిన అంతర్జాతీయ అభివృద్ధి పరిశోధన కేంద్రం ఆర్థిక సహకారంతో ఈ ప్రాజెక్టును చేపట్టింది. విల్లియనూర్‌లోని ప్రధాన కేంద్రాన్ని గ్రామ కేంద్రాలతో టెలిఫోన్, రేడియో సాధనాల ద్వారా అనుసంధానించారు. విద్యుత్ కోతలను తట్టుకునేందుకు సౌర ఫలకాలు అమర్చారు. పరికరాలు, శిక్షణ సంస్థ సమకూర్చగా, స్థలాన్నీ స్వచ్ఛంద కార్యకర్తలనూ గ్రామాలు ఇచ్చాయి.

కార్యకర్తలు మొదట ఊరివారి అవసరాలను అడిగి తెలుసుకున్నారు. పంటల ధరలు, ప్రభుత్వ పథకాలు, దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబాల జాబితా వంటివి స్థానిక భాషలో అందుబాటులోకి వచ్చాయి. కులభేదం లేకుండా అందరికీ ప్రవేశం ఉండాలన్నది ప్రధాన నిబంధన. ఎంబలం గ్రామంలో ఆలయానికి చెందిన గదిలో ఏర్పాటైన కేంద్రాన్ని మహిళలే నిర్వహించారు.

ప్రాణాలు కాపాడిన మైకు

మత్స్యకార గ్రామమైన వీరాంపట్టణంలో అమెరికా నౌకాదళ వెబ్‌సైట్ నుంచి అలల ఎత్తు అంచనాలను సేకరించి, లౌడ్‌స్పీకర్లలో వినిపించేవారు. చదువు రానివారికీ ఆ సమాచారం చేరేది.

2004 డిసెంబర్ 26న సునామీ సంభవించినప్పుడు నల్లవాడు గ్రామానికి సింగపూర్‌లో ఉన్న బంధువు నుంచి ఫోన్ వచ్చింది. గ్రామస్థులు విజ్ఞాన కేంద్రంలోని మైకు ద్వారా హెచ్చరిక వినిపించారు. సుమారు 3,600 మంది నివసించే ఆ గ్రామంలో పడవలు, ఇళ్లు దెబ్బతిన్నా ప్రాణనష్టం జరగలేదు.

తెలుగు రాష్ట్రాల్లో సామాజిక తనిఖీ

సమాచారం జవాబుదారీతనంగా మారే తీరుకు ఉపాధి హామీ పథకంపై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైన సామాజిక తనిఖీ ఉదాహరణ. కంప్యూటర్‌లో నమోదైన పనిదినాలు, కూలి చెల్లింపుల వివరాలను గ్రామ యువత ఇంటింటికీ తీసుకెళ్లి కూలీలతో సరిచూసేవారు. తేడాలను బహిరంగ సభలో అధికారుల ఎదుటే చదివేవారు. ఈ పని కోసం 2009లో ప్రత్యేక సంస్థ ఏర్పడింది.

ఎన్నికల సంఘం 2018లో ప్రవేశపెట్టిన సి-విజిల్ యాప్‌దీ ఇదే సూత్రం. ప్రవర్తనా నియమావళి ఉల్లంఘనను పౌరులు అక్కడికక్కడే ఫొటో లేదా వీడియో తీసి పంపవచ్చు. ఫిర్యాదును 100 నిమిషాల్లో పరిష్కరించాలన్నది లక్ష్యం. పేరు వెల్లడించకుండానూ ఫిర్యాదు చేయవచ్చు.

పరిమితులు

అభిప్రాయాలు సేకరించినంత మాత్రాన అధికారం ప్రజల చేతికి రాదు. ఐస్‌లాండ్‌లో 25 మంది సభ్యుల మండలి 2011లో ఇంటర్నెట్ ద్వారా ప్రజల సూచనలు స్వీకరించి రాజ్యాంగ ముసాయిదా రూపొందించింది. 2012 ప్రజాభిప్రాయ సేకరణలో పాల్గొన్నవారిలో దాదాపు మూడింట రెండొంతుల మంది దానిని సమర్థించినా, పార్లమెంటు ఆమోదించలేదు.

మన దేశంలో భాష మరో అవరోధం. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనే పుదుచ్చేరి, కారైకాల్‌లలో తమిళం, యానాంలో తెలుగు, మాహేలో మలయాళం ప్రధాన భాషలు. ఒకే భాషలో ఉన్న పోర్టల్ మిగిలినవారిని ఫిర్యాదుకు ముందే బయట నిలబెడుతుంది. స్మార్ట్‌ఫోన్ లేనివారు, పేరు బయటపడితే కక్ష సాధిస్తారని భయపడేవారు కూడా మౌనంగానే ఉండిపోతారు. వదంతులను ఏరివేసేందుకు క్షేత్రస్థాయి పరిశీలన కూడా తప్పనిసరి.

అందుకే ఒక పౌర సేవా యాప్‌ను అంచనా వేసేటప్పుడు ఎంతమంది డౌన్‌లోడ్ చేశారన్నది ఒక్కటే సరిపోదు. ఎవరి భాషలో అడిగారు, ఎవరు సరిచూశారు, ఎన్ని రోజుల్లో ఎవరు బదులిచ్చారు అన్నవీ చూడాలి.