పేరంటం పిలుపు, ఇంజనీర్ల విందు

శాస్త్ర సాంకేతిక రంగాల్లో పనిచేసే ఆడవాళ్లు ఒక సాయంత్రం ఒకచోట చేరి, కలిసి భోంచేసి, తమలో అనుభవం పండిన ఒకరి మాట వినే ఏర్పాటుకు నెట్‌వర్కింగ్ డిన్నర్ అనే పేరు స్థిరపడింది. తెలుగులో దీనికి సొంత మాట ఇంకా కుదరలేదు. వక్త ఎవరో ముందే ప్రకటిస్తారు. గుండ్రటి బల్లల చుట్టూ ఎనిమిది, పది మంది కూర్చుంటారు. బల్లకు ఒక పెద్దావిడ ఉంటే, మిగతావాళ్లు కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లో, ఇంకా చదువుకుంటున్నవాళ్లో అయి ఉంటారు. ప్రసంగం అరగంటలో ముగుస్తుంది. అసలు పని ఆ తరవాత, కంచం ముందు సాగే మాటల్లో జరుగుతుంది: ఏ ప్రయోగశాలలో ఖాళీ ఉంది, ఏ స్కాలర్‌షిప్‌కు గడువు ఎప్పుడు, బిడ్డ పుట్టాక పరిశోధనలోకి తిరిగి రావడమెలా. ఈ పద్ధతి ఇంగ్లండులో, అమెరికాలో పుట్టింది. దాన్ని తెలుగువారి చరిత్రతో ముడివేసిన వ్యక్తి అయ్యలసోమయాజుల లలిత. మద్రాసులో పుట్టి, దాదాపు మూడు దశాబ్దాలు కలకత్తాలో ఉద్యోగం చేసిన ఎలక్ట్రికల్ ఇంజనీరు ఆమె.

ఇలాంటి మాటలు మగవాళ్లకు ఎప్పటినుంచో భోజనాల బల్ల దగ్గరే దొరికేవి. 18వ శతాబ్దంలో బర్మింగ్‌హామ్ దగ్గర లూనార్ సొసైటీ అనే మిత్రబృందం ఉండేది. ఆవిరి యంత్రాన్ని మెరుగుపరిచిన జేమ్స్ వాట్, ఆయన వ్యాపార భాగస్వామి మాథ్యూ బౌల్టన్, కుమ్మరి పరిశ్రమకు పేరు తెచ్చిన జొసయా వెడ్జ్‌వుడ్, వైద్యుడు ఎరాస్మస్ డార్విన్ అందులోవాళ్లు. తిరిగి వెళ్లేటప్పుడు దారి కనబడాలని పౌర్ణమికి దగ్గరి రోజు చూసుకుని ఒకరింట భోజనానికి కలిసేవారు. ఆ బల్లల దగ్గర యంత్రాల సంగతులు, పెట్టుబడుల సంగతులు కలగలిసి నడిచేవి. లండన్ రాయల్ సొసైటీ సభ్యులకూ విడిగా ఒక భోజన సంఘం ఉండేది. తలుపు మూసి ఉన్నది స్త్రీలకే. విద్యుత్ దీపాల చాపం మీద పరిశోధన చేసిన హెర్తా ఐర్టన్ పేరును 1902లో రాయల్ సొసైటీ సభ్యత్వానికి ప్రతిపాదిస్తే, పెళ్లైన స్త్రీ అన్న కారణంతో తోసిపుచ్చారు. ఆ సొసైటీ తొలిసారి స్త్రీలను సభ్యులుగా ఎన్నుకున్నది 1945లో. సభ్యత్వం లేనప్పుడు విందుకు పిలుపూ రాదు, విందులో తెలిసే కబురూ చేరదు.

మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ కర్మాగారాల్లో లక్షలాది స్త్రీలు లేతు యంత్రాల ముందు నిలబడి పనిచేశారు. యుద్ధం ముగియగానే 1919లో వచ్చిన చట్టం వాళ్ల స్థానాలను తిరిగి మగవాళ్లకు అప్పగించింది. ఆ ఏడాదే జూన్ 23న లండన్‌లో విమెన్స్ ఇంజనీరింగ్ సొసైటీ ఏర్పడింది. రేచల్ పార్సన్స్ తొలి అధ్యక్షురాలు, కరోలిన్ హాస్లెట్ తొలి కార్యదర్శి. పత్రిక నడపడం, సమావేశాలు జరపడం, ఉద్యోగాల సమాచారం చేరవేయడం దాని పనులు. అమెరికాలో సొసైటీ ఆఫ్ విమెన్ ఇంజనీర్స్ 1950 మే నెలలో న్యూజెర్సీలోని ఒక ఇంజనీరింగ్ శిబిరంలో మొదలైంది. దాని తొలి అధ్యక్షురాలు బియాట్రిస్ హిక్స్. ఈ రెండు సంఘాల దారుల్లోనే లలిత పేరు వినిపిస్తుంది.

ఆడవాళ్లు ఒకచోట చేరడం తెలుగునాట కొత్తేమీ కాదు. దానికి పేరంటం అనే చక్కటి మాట ఉంది. శ్రావణమాసంలో ఇంటింటికీ వెళ్లి, కుంకుమ భరిణె తీసి, బొట్టు పెట్టి పిలుస్తారు. వచ్చినవాళ్ల కాళ్లకు పసుపు రాసి, మెడకు గంధం పూసి, నానబెట్టిన శనగలు, తమలపాకులు, వక్క, పండు, రవికెల గుడ్డ చేతిలో పెడతారు. సంబంధాల కబుర్లు, వైద్యాల చిట్కాలు, అప్పుసప్పుల సంగతులు అక్కడే చేతులు మారతాయి. ఆడవాళ్ల పరిచయాలు పెరిగే తావు అదే. కాని పిలుపు బొట్టుతో ముడిపడి ఉంది. బొట్టు లేని మనిషికి, అంటే భర్త పోయిన మనిషికి, ఆ పిలుపు లేదు. పెళ్లి పందిట్లో ఎదురు రాకూడదు, పండగ పూట వంటింటి చాటునే ఉండాలి, రాత్రి పూట అన్నం తినకూడదు. చాలా ఇళ్లలో ఆ నియమాలు తరతరాలు నడిచాయి. ఎవరు ఎవరి పంక్తిన కూర్చుంటారన్నది ఎంత పెద్ద విషయమో 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తేలింది. ఆ రోజు కందుకూరి వీరేశలింగం జరిపించిన మొదటి వితంతు వివాహానికి వెళ్లినవాళ్లు వెలి భరించాల్సి వచ్చింది.

పేరంటానికీ సభకూ మధ్య మెట్టుగా స్త్రీ సమాజాలు వచ్చాయి. భండారు అచ్చమాంబ 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజం స్థాపించింది. అలాంటి సమాజాల్లో ఉపన్యాసం ఉండేది, చదువు గురించి చర్చ ఉండేది. వృత్తి గురించిన చర్చకు ఇంకా సమయం రాలేదు, ఎందుకంటే అప్పటికి చేతిలో వృత్తి ఉన్న తెలుగు స్త్రీలే వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

లలిత 1919 ఆగస్టు 27న పుట్టింది. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఆచార్యుడు. పదిహేనో ఏట ఆమెకు పెళ్లైంది. 1937లో భర్త చనిపోయేనాటికి ఆమె వయసు పద్దెనిమిది, కూతురికి నాలుగు నెలలు. పుట్టింటికి తిరిగి వచ్చి, క్వీన్ మేరీస్ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తిచేసింది. డాక్టరు చదువు ఆలోచనకు వచ్చినా, వేళాపాళా లేని ఆ వృత్తితో పసిబిడ్డను పెంచడం కష్టమని ఇంజనీరింగ్ వైపు మొగ్గింది. అప్పటికి గిండీలో ఆడపిల్ల చదివిన దాఖలా లేదు. సుబ్బారావు కళాశాల ప్రిన్సిపాల్ కె.సి. చాకోతోను, విద్యాశాఖ డైరెక్టర్ ఆర్.ఎం. స్టాథమ్‌తోను మాట్లాడి ఒప్పించాడు. 1940లో ఆమె తరగతిలో అడుగుపెట్టింది. కొద్దికాలానికి సివిల్ ఇంజనీరింగ్‌లో లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా చేరారు. ముగ్గురూ పట్టా పుచ్చుకునేటప్పుడు ఒక చిక్కు వచ్చింది. అచ్చు పత్రంలో విద్యార్థిని సూచించే ఇంగ్లిషు సర్వనామం పుంలింగంలోనే ఉంది. దాన్ని కలంతో కొట్టివేసి, పైన స్త్రీలింగ రూపం రాసి ఇచ్చారు. కొట్టివేత గీత ఉన్న ఆ కాగితమే ఆ కళాశాలలో స్త్రీల ఇంజనీరింగ్ చరిత్రకు తొలి పత్రం. ముగ్గురిలో త్రేసియా తరవాతి కాలంలో కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరు అయింది.

పట్టాకు ముందు అవసరమైన ఆచరణ శిక్షణను లలిత బీహారులోని జమాల్‌పూర్ రైల్వే కర్మాగారంలో ఏడాదిపాటు పొందింది. 1944లో సిమ్లాలో కేంద్ర ప్రమాణాల సంస్థలో ఇంజనీరింగ్ సహాయకురాలిగా చేరింది. ఆ తరవాత కొంతకాలం తండ్రి పరిశోధనల్లో తోడుంది. జెలెక్ట్రోమోనియం అనే విద్యుత్ వాద్యం, పొగరాని పొయ్యి ఆ పనిలోనివే. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో ఉద్యోగం దొరికింది. సోదరుడి కుటుంబంతో ఆ ఊళ్లో కాపురం. ట్రాన్స్‌మిషన్ లైన్ల రూపకల్పన, సబ్‌స్టేషన్లలో ఏ పరికరం ఎక్కడ ఉండాలో గీసే నక్షాలు ఆమె పని. భాక్రా నంగల్ జలాశయం విద్యుత్ జనరేటర్ల పనిలోనూ ఆమె చేయి ఉంది. 1953లో లండన్‌లోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎలక్ట్రికల్ ఇంజనీర్స్ ఆమెను అసోసియేట్ సభ్యురాలిగా, 1966లో పూర్తి సభ్యురాలిగా తీసుకుంది.

బెంగాల్‌లోనే 1940ల చివర్లో మరొక స్త్రీ ఇదే దారి తొక్కింది. ఇలా మజుందార్ 1947లో శివపూర్‌లోని బెంగాల్ ఇంజనీరింగ్ కళాశాలలో చేరి, 1951లో మెకానికల్ ఇంజనీరుగా బయటికి వచ్చింది. ఆపైన గ్లాస్గోలో శిక్షణ పొందింది. 1963లో కలకత్తాలో మహిళా పాలిటెక్నిక్ మొదలైనప్పుడు దానికి మొదటి ప్రిన్సిపాల్ ఆమే. ఇద్దరూ ఒకే నగరంలో పనిచేసిన రోజులున్నాయి. అయినా ఇలాంటివాళ్లను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టే సంఘం దేశంలో అప్పటికి పుట్టలేదు. ఆ లోటు ఎంత పెద్దదో 1964లో బయటపడింది.

ఆ ఏడాది జూన్‌లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సమావేశం జరిగింది. ఆతిథ్యం సొసైటీ ఆఫ్ విమెన్ ఇంజనీర్స్‌ది. అనేక దేశాల ప్రతినిధులు తమ తమ సంఘాల తరఫున వచ్చారు. భారతదేశంలో శాఖ అంటూ లేకపోవడంతో లలిత వ్యక్తిగత హోదాలో వెళ్లింది. వారం రోజులు ప్రసంగాలు, చర్చలు, పరిచయాలు. నూటయాభై ఏళ్ల క్రితమైతే భర్త చితిమీదే తనను కూడా కాల్చేసి ఉండేవారని ఆమె అక్కడివాళ్లతో అంది. ఆ మాటను అమెరికా పత్రికలు అచ్చువేశాయి. ఆ ఒక్క వాక్యంలో ఎంత దూరం నడిచి వచ్చిందో ఉంది. తన ఊళ్లో పేరంటం పిలుపు రాని మనిషికి, చేసిన పనిని చూసి పిలుపు వచ్చిన తావు అది. ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన ఘట్టం ఇదే.

తిరిగి వచ్చాక ఆమె ఊరుకోలేదు. 1965లో లండన్ విమెన్స్ ఇంజనీరింగ్ సొసైటీలో పూర్తి సభ్యురాలైంది. రెండో సమావేశం 1967 జులైలో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జరిగింది. ఈసారి చర్చాంశం ప్రపంచపు ఆహార సమస్యకు సాంకేతిక విజ్ఞానం ఎలా తోడ్పడుతుందన్నది. ఆ సభకు భారతదేశం తరఫు బాధ్యత లలితదే. పత్రికల్లో ప్రకటనలు వేయించి, దేశంలో మహిళా ఇంజనీర్లు ఎక్కడెక్కడున్నారో వెతికింది. ఆమె కృషితో మన దేశం నుంచి అయిదుగురు వెళ్లారు. మూడేళ్ల క్రితం ఒంటరిగా వెళ్లిన మనిషి చుట్టూ ఒక చిన్న బల్లకు సరిపడా మనుషులు పోగయ్యారు. 1977లో పదవీ విరమణ చేసి, 1979 అక్టోబరు 12న అరవయ్యో ఏట ఆమె కన్నుమూసింది. రెండేళ్లకు, 1981లో, అదే సమావేశాల వరసలో ఆరోది బొంబాయిలో జరిగింది.

అప్పటికి దేశంలో సంఘం అంటూ ఒకటి నిలబడింది. 1973లో బొంబాయిలో భారతీయ మహిళా శాస్త్రవేత్తల సంఘం ఏర్పడింది. తరవాతివి వేగంగా చెప్పుకోవచ్చు: మూడో ప్రపంచ దేశాల మహిళా శాస్త్రవేత్తల సంస్థ 1993లో కైరోలో మొదలైంది, కంప్యూటర్ రంగంలోని స్త్రీల కోసం 1994లో అమెరికాలో ప్రారంభమైన గ్రేస్ హాపర్ సభ 2010లో బెంగళూరుకు వచ్చింది, ఆడవాళ్ల అంకుర సంస్థలకు అండగా తెలంగాణ ప్రభుత్వం 2018 మార్చి 8న హైదరాబాద్‌లో వీ హబ్ తెరిచింది. వక్తతో విందు అనే పద్ధతి వీటన్నిటి వెంటా ఊళ్లలోకి నడిచింది.

అలాంటి ఊళ్లలో ఒకటైన పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ ఈ కథకు తెలుగువారి వైపునుంచీ, ఇంజనీరింగ్ వైపునుంచీ తగులుతుంది. మద్రాసు, కలకత్తాల మధ్య రైలు దారి ఈ ఊరి మీదుగానే పోతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ పెద్ద కర్మాగారం పెట్టినప్పటినుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల మనుషులు ఫిట్టర్లుగా, ఖలాసీలుగా, గుమస్తాలుగా వచ్చి తరాల తరబడి స్థిరపడ్డారు. గోల్‌బజార్‌లో తెలుగు మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఊరికి మరో కొసన హిజ్లీ. బ్రిటిషువారు 1930లో అక్కడ నిర్బంధ శిబిరం తెరిచారు. స్వాతంత్ర్యోద్యమంలో పట్టుబడ్డ స్త్రీలను ఉంచేందుకు అందులో విడిగా భాగం ఉండేది. 1931 సెప్టెంబరు 16న ఆ శిబిరంలో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఖైదీలు చనిపోయారు. అదే భవనంలో 1951 ఆగస్టులో దేశంలోని మొదటి ఐఐటీ మొదలైంది.

ఆ ఐఐటీకి దగ్గర్లోనిదే తాల్‌బగీచా అనే పేట. బెంగాలీలో తాల్ అంటే తాటి, బగీచా అంటే తోట, తెలుగులోకి మారిస్తే తాటితోపు. ఇలాంటి పేటల్లో కర్మాగారం పని తెలిసిన ఇళ్లూ, ఇంజనీరింగ్ పాఠం చెప్పే తరగతులూ ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉంటాయి. అయినా ఐఐటీలన్నిటిలో ఆడపిల్లల వాటా చాలాకాలం పదో వంతు దరిదాపుల్లోనే ఉండిపోయింది. దాన్ని పెంచడానికి మగపిల్లల సీట్లు తగ్గించకుండా అదనపు సీట్లు సృష్టించి, 2018లో 14 శాతానికి, 2019లో 17 శాతానికి, 2020లో 20 శాతానికి లక్ష్యం పెట్టారు. ఖరగ్‌పూర్ ఆవరణలో విద్యార్థినుల వసతి గృహాల్లో ఒకటి సరోజినీ నాయుడు పేరు మీద ఉంది. హైదరాబాద్‌లో పెరిగి, ముత్యాల గోవిందరాజులు నాయుడిని పెళ్లాడి తెలుగింటి కోడలైన మనిషి ఆమె.

ఇలాంటి రైలు ఊళ్లో వక్తతో విందు పెట్టాలంటే మొదట వేళ కుదరాలి. హౌరా నుంచి ఖరగ్‌పూర్ 115 కిలోమీటర్లు, లోకల్ రైలులో రెండు గంటల పైమాటే. కలకత్తా నుంచి వచ్చి అదే రాత్రి తిరిగి వెళ్లే వక్తకైనా, పిల్లల్ని ఇంట్లో వదిలి వచ్చిన ఉద్యోగినికైనా, హాస్టల్ అమ్మాయికైనా రాత్రి తొమ్మిదింటి భోజనం ఇబ్బందే. లలిత డాక్టరు చదువు వదిలి ఇంజనీరింగ్ ఎంచుకున్న కారణం కూడా ఇలాంటి వేళల లెక్కే. వెన్నెల చూసుకుని భోజనానికి కలిసిన బర్మింగ్‌హామ్ పెద్దమనుషుల్లాగే ఇక్కడా రైళ్ల వేళలు చూసుకుని, విందును మధ్యాహ్న భోజనంగానో, నాలుగు గంటల టీగానో మార్చుకోవాలి. అప్పుడు ప్రసంగం టిఫిను ముందు ముగుస్తుంది, మాటలకు గంటన్నర మిగులుతుంది, ఆఖరి లోకల్ అందుతుంది.