జర్రాహ్ కత్తి నుంచి సర్జన్ కత్తి దాకా

మన పెద్దల కాలంలో గడ్డ లేచినా, పుండు మానకపోయినా కబురు వెళ్లేది జర్రాహ్‌కు. హకీం సాబ్ నాడి చూసి మందిచ్చేవారే గాని సామాన్యంగా కత్తి పట్టేవారు కారు. కోయడం, కట్టు కట్టడం చేతిపని కింద లెక్క. చదువు ఒకరి దగ్గర, చేతిపని మరొకరి దగ్గర ఉండిపోయాయి. ఈ రెండూ ఒక్క మనిషిలో కలిస్తే ఆయనే జనరల్ సర్జను. ఆ కలయిక మన హైదరాబాదులో ఎలా జరిగిందో అందరూ తెలుసుకోదగ్గ విషయం.

ఈ రెండూ కలిసి ఉండాలని పూర్వీకులకు తెలియక కాదు. మన దేశంలో సుశ్రుతుడు శస్త్రవిద్యను శాస్త్రంగా చెప్పాడు. 10వ శతాబ్దంలో స్పెయిన్‌లోని కార్డోవా దగ్గర అల్ జహ్రావీ 30 భాగాలుగా ‘అత్తస్రీఫ్’ అనే గ్రంథం రాసి, చివరి భాగమంతా శస్త్రచికిత్సకే కేటాయించాడు. సుమారు 200 పరికరాల బొమ్మలు కూడా అందులో వేయించాడు. శరీర నిర్మాణం తెలియనివాడు కత్తి పడితే రోగి ప్రాణానికే ముప్పని ఆయన ఆనాడే హెచ్చరించాడు.

ఇక మన నగరం సంగతి. నాల్గవ నిజాం నాసిరుద్దౌలా కాలంలో, 1846లో, హైదరాబాదు మెడికల్ స్కూలు వెలిసింది. రెసిడెన్సీ సర్జను డాక్టర్ మాక్లీన్ దానిని నడిపారు. తొలి దశాబ్దాల్లో బోధన అంతా ఉర్దూలోనే. పాసైన విద్యార్థులను ‘హకీం’ అనే పిలిచేవారు. చూడండి, ఎంత చిత్రమో! కత్తి ముట్టని వైద్యుడి బిరుదు కత్తి పట్టడం నేర్చిన వైద్యుడికి దక్కింది. రోగి మాట్లాడే భాష వైద్యుడికీ వచ్చు గనుక జనానికి భయం కొంత తగ్గి ఉంటుంది.

సరిగ్గా అదే 1846లో అమెరికాలోని బోస్టన్‌లో ఈథర్ మత్తు ఇచ్చి అందరి ఎదుట ఆపరేషను చేశారు. మరుసటి ఏడు ఎడింబరోలో క్లోరోఫాం వచ్చింది. అంతకుముందు రోగిని నలుగురు గట్టిగా పట్టుకుంటే, ఎంత తొందరగా కోస్తే అంత గొప్ప సర్జను. మత్తు వచ్చాక తొందర పోయి నిదానం వచ్చింది. కాని కొత్త భయమూ వచ్చింది. మత్తులోకి వెళ్లినవారిలో కొందరు తిరిగి లేవలేదు.

ఈ చిక్కు విప్పడానికి పూనుకున్నది మన హైదరాబాదే. మెడికల్ స్కూలు ప్రిన్సిపాలు ఎడ్వర్డ్ లారీ 1888లో ఒక క్లోరోఫాం కమిషను నడిపారు. దానిమీద విమర్శలు రాగా, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌన్లు ఇచ్చి ఇంగ్లండు నుంచి లాడర్ బ్రంటన్ అనే నిపుణుణ్ణి రప్పించారు. అలా 1889లో రెండవ కమిషను జరిగింది. రోగి శ్వాసను కనిపెట్టి ఉంటే చాలు, క్లోరోఫాం నేరుగా గుండెను ఆపదు అని తేల్చారు. శ్వాసను గమనించాలన్న మాట నేటికీ నిలిచింది. గుండె సంగతి మాత్రం నిలవలేదు. 1911లో లెవీ అనే పరిశోధకుడు, తేలిక మత్తులోనే గుండె అదుపు తప్పగలదని నిరూపించాడు. అందుకే ఇప్పుడు ఆపరేషను బల్ల దగ్గర శ్వాస, నాడి రెండింటినీ క్షణక్షణం చూస్తారు. ఎంత అనుభవం ఉన్నా నేను చెప్పిందే వేదం అనరాదని సర్జన్లకు ఇదొక పాఠం.

ఆ స్కూల్లోనే 1880లలో చదివిన పార్సీ వనిత రూపాబాయి ఫర్దూంజీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరు. మన ఆడపిల్లల చదువు గురించి సందేహించేవారికి ఆమె పేరు చెబితే చాలు.

1866 నాటి అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిని 1908 సెప్టెంబరులో మూసీ వరద ముంచేసింది. తర్వాత ఆ తీరానే ఉస్మానియా ఆస్పత్రి లేచింది. నాటి మెడికల్ స్కూలే ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది.

ఇప్పుడు సర్జను కావాలంటే ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర ఏళ్లు, హౌస్ సర్జన్సీ ఒక ఏడు, ఆపైన ఎం.ఎస్. మూడేళ్లు. పుస్తకం చదివితే వచ్చే విద్య కాదిది. ముందు పెద్ద సర్జను పక్కన నిలబడి చూడాలి, తర్వాత సాయం పట్టాలి, ఆ తర్వాతే ఆయన కళ్లెదుట తాను చేయాలి. హెర్నియా, అపెండిక్సు, వరిబీజం, పిత్తాశయంలో రాళ్లు, మొలలు, గొంతు గ్రంథి, రొమ్ములో గడ్డ, కాలిన గాయాలు, షుగరు రోగుల కాలిపుండ్లు ఇవన్నీ ఆయన పనే. మెదడుకు, గుండెకు వేరే నిపుణులున్నారు. జిల్లా ఆస్పత్రిలో అర్ధరాత్రి ప్రమాదం కేసు వస్తే మాత్రం ముందుగా పరుగెత్తుకొచ్చేవారిలో జనరల్ సర్జను ఉంటారు.

ఇన్ని ఏళ్ల శ్రమతో తయారైన మనిషి ఊళ్లోనే ఉన్నా, కత్తికి భయపడి చాలామంది ఆలస్యం చేస్తున్నారు. హెర్నియా బిగుసుకుంటే కొన్ని గంటల్లోనే పేగు చచ్చుబడవచ్చు. రొమ్ములో గడ్డను సిగ్గుతో దాచుకున్న తల్లికి, వెంటనే చూపించుకున్న తల్లికి ఆయుష్షులోనే తేడా రావచ్చు. షుగరు ఉన్నవారి కాలి వేలి పుండుకు నాటు కట్టు కట్టించుకుంటూ కూర్చుంటే కాలే పోయే ప్రమాదముంది. జర్రాహ్ తప్ప దిక్కులేని రోజుల్లో మన పెద్దలు ఓర్చుకున్నారు. మనకు ఆ అవసరం లేదు. ఇంట్లో ఎవరికైనా గడ్డ గాని మానని పుండు గాని కనిపిస్తే ఈ వారమే సర్జనుకు చూపించండి.